చుక్కలు పెట్టిన చోట

హలో… ఆ, నేనే అక్కా. నా ఫోను నేను కాక ఇంకెవరెత్తుతారు? చెప్పు.

… తిన్నాను. … లేదులే, తినలేదు. డబ్బా తెరిచి మూసేశా. … ఒంట్లో బాగానే ఉంది. నోరే బాలేదు. పొద్దుటి నుంచి రెండుసార్లు పళ్ళు తోముకున్నా. … ఎందుకంటావేంటి, ఏమీ తెలియనట్టు! నీ కొడుకు ఫోన్ చేసే ఉంటాడుగా.

చేశాడా. అనుకున్నా.

ఏంటా మోత? … స్పీకర్లో పెట్టావా. … మనవరాలికి తినిపిస్తున్నావా. సరే, తినిపించు, మన గొడవకి పిల్ల కడుపు మాడ్చకు. … నువ్వు దానికి తినిపిస్తుంటే అది బొమ్మకి తినిపిస్తోందా! … బొమ్మనేదో అంటోందే, ఏమిటది? … నువ్వలా పగలబడి నవ్వితే నాకేం వినపడుతుంది? పోనీలే.

… టైపు గదిలో ఉన్నా. తలుపేసుకున్నా. మూడింటికి విచారణకి పిలుపు. ఇంకో అరగంట ఉంది.

— ఆగు ఆగు. వాడేం చెప్పాడో నాకొద్దు. జరిగింది నేను చెప్తా, చివరిదాకా విను. సగంలో ఏడుపు మొదలెట్టకు.

… మా ఆస్పత్రి లాండ్రీలో వాడు సూపర్‌వైజరు. … అవును, నేనే చెప్పి వేయించా. దెప్పక్కర్లేదు, గుర్తుంది. వాడి కింద దుప్పట్లు మడిచే పిల్ల ఒకతి ఉంది. ఇరవై కూడా నిండలేదు. తనని అనరాని మాటలన్నాడని వాడి మీద కంప్లయింటు ఇచ్చింది. ఆడపిల్ల కదా, పదిమందిలో చెప్పుకోలేదని, టైపిస్టమ్మ దగ్గర చెప్పుకో పొమ్మని నా గదికి పంపారు. … చెప్పానే! వాడు నా అక్క కొడుకండీ అని ముందే చెప్పాను విచారణ సారుకి. "నువ్వు రాసేదానివేగానీ తీర్పు చెప్పేదానివి కాదుగా, రాయమ్మా" అన్నాడాయన.

రాశాను. … ఎలా రాశానా? ఎప్పుడూ రాసినట్టే. తిట్టు వచ్చిన చోట మూడు చుక్కలు.

… చుక్కలక్కా, చుక్కలు! "నన్ను మూడు చుక్కలు అని తిట్టారు, మా అమ్మను మూడు చుక్కలు అన్నారు." ఇరవై రెండేళ్ళుగా అంతే. నాకెవరూ నేర్పలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకావిడ వచ్చి వార్డులో ఎవడో అన్న మాట చెప్పింది. నా వేళ్ళు ఆడలేదు. చుక్కలు పెట్టా. ఎవరూ ఏమీ అనలేదు. ఇక అదే అలవాటైపోయింది. పైగా మర్యాదస్తురాలినని నాలో నేనే మురిసిపోయేదాన్ని.

మొన్న ఆ కాగితం వెనక్కొచ్చింది. చుక్కల చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టి, పక్కన "ఇవేమిటి?" అని.

… ఇంకేముంది? "బద్ధకస్తురాలా అన్నాను సార్, అంతే" అన్నాడు నీ సుపుత్రుడు. చుక్కల్లో ఏదైనా పడుతుందిగా! బద్ధకస్తురాలు పడుతుంది, కావాలంటే బంగారుతల్లీ పడుతుంది.

… ఆ పిల్లనే మళ్ళీ చెప్పమన్నారు. అయిదుగురు మగాళ్ళు బల్లకి అవతల కూర్చుని "ఏమన్నాడో చెప్పమ్మా, ఉన్నదున్నట్టు చెప్పు" అంటే ఏం చెప్తుంది? నేల చూస్తూ నిలబడింది. వాడు పక్కనే కుర్చీలో ఉన్నాడు. కాలు ఊపుకుంటూ.

… అవును, నేను చూశా. కాలు ఊపుతున్నాడు. థూ.

… ఆ పిల్లది అబద్ధమైతే కేసు అదే పోతుందిగా అంటావా? అదే కదా జరగబోయేది! మాటలు కాగితం మీద లేకపోతే ఆ పిల్ల అబద్ధాలకోరు. ఉద్యోగం ఊడుతుంది, తనది, ఇక్కడే పనిచేసే వాళ్ళమ్మది కూడా. మాటలుంటే వీడిది ఊడుతుంది. మాటలు ఎక్కడున్నాయి? నా నోటుబుక్కులో ఉన్నాయి.

… లేదు, అందులో చుక్కల్లేవు. అది షార్ట్‌హ్యాండు. గీతలు, వంకరలు. పిల్ల చెప్పింది చెప్పినట్టు గీసుకున్నా. చూస్తే కోడి గీకినట్టుంటుంది. చూసేవాళ్ళకి అర్థం కాదు, అందుకే నాకూ సిగ్గనిపించలేదు. టైపు కొట్టేటప్పుడే సిగ్గొచ్చి చుక్కలు పెట్టా. ఇప్పుడా గీతలు చదవగలిగేది ఈ ఆస్పత్రి మొత్తానికి నేనొక్కదాన్నే. మూడింటికి వెళ్ళి, అందరి ముందూ, వాడి ముందూ, పైకి చదవాలి. తర్వాత టైపు కొట్టి సంతకం పెట్టాలి.

… ఉఁ.

… ఉఁ. చెప్పు. వింటున్నా.

… ఆ, తిట్టడం అంత నేరమా అంటావు. తిట్టని మగాడెవడంటావు. — లేదు, తిట్టడమే నేరమైతే ముందు నన్నే జైల్లో పెట్టాలి. ఇక్కడో ప్రింటరుంది, కాగితం మింగి ఊరుకుంటుంది, దాన్ని రోజుకి పదిసార్లు తిడతా. కాని యంత్రం ఇంటికెళ్ళి గోడవైపు తిరిగి ఏడవదక్కా.

… మాటే కదా, గాలే కదా అంటావు. సరే, గాలే. మరి నేను చదువుతానంటే నీకూ నీ కొడుక్కీ అంత గుండెదడ దేనికి?

… చూశావా. మాట మారుస్తున్నావు.

అసలు నిన్నేం చేశానో తెలుసా? నవ్వకు. టైపు కొట్టాలంటే ఆ మాటకి స్పెల్లింగు కావాలిగా. ఇరవై రెండేళ్ళ టైపిస్టుని, రాదు! ఒత్తుందో లేదో తెలీదు. నిఘంటువు తెరిచా. మా అటెండరు వస్తున్నాడని చప్పున మూసేశా, దొంగతనం చేస్తున్నట్టు. మళ్ళీ తెరిచా. నాన్న అమ్మని పిలిచేవాడే… ఆ, ఆ మాటే. గ్యారేజీ నుంచి రాగానే గుమ్మంలోంచి పిలిచేవాడుగా, "ఒసే ముండా, నీళ్ళు తోడు" అని. దానర్థమేంటో తెలుసా? తల గొరిగించిన ఆడది. మొగుడు పోయినది.

… అదే! నాకూ అదే అనిపించింది. తను బతికుండగానే పెళ్ళాన్ని అలా పిలిచేవాడంటే, రోజూ సాయంత్రం తనని తానే చంపేసుకుని, ఆ తర్వాత స్నానానికి వెళ్ళేవాడన్నమాట!

… నవ్వొస్తుందిలే. నాకూ వచ్చింది.

వెధవ కూడా అంతే. విధవలోంచే వచ్చిందిట. మనం పిల్లల్ని ముద్దుగా అంటాం చూడు, "వెధవా, ఇలా రారా" అని. నీ కొడుకు అన్న ఇంకోదాని అర్థం, పొట్ట గడవక ఒళ్ళమ్ముకునేది. పేజీలు తిప్పుతూ పోయా. అన్నీ అవే అక్కా. దిక్కులేని ఆడవాళ్ళు ఎందరున్నారో అందరి పేర్లూ తీసుకొచ్చి తిట్లు చేసి పెట్టుకున్నారు. బస్టాపులో ఇద్దరు మగాళ్ళు బండి తగిలిందని కొట్టుకుంటారు. మధ్యలో ఎవరొస్తారు? ఇద్దరి అమ్మలూ! పాపం వాళ్ళు ఇళ్ళల్లో బట్టలారేసుకుంటూ ఉంటారు, వాళ్ళకేం తెలుసు? దొంగా అంటే మగాడికి అంత రోషం రాదు. వాడి అమ్మని అంటే కత్తి తీస్తాడు. వాడి రోషం కోసమే అవతలివాడు ఆవిణ్ణి బజారుకి ఈడుస్తాడు. ఛీ, ఏం బుద్ధులో! ఒళ్ళంతా జెర్రులు పాకినట్టుంది నాకు.

… ఆ, ఆడవాళ్ళూ తిడతారు, నేను కాదన్నానా? అవే మాటలతో తిడతారు. అదింకా రోత.

పాప ఏదో అడుగుతోంది చూడు. … నీళ్ళియ్యి ముందు.

… ఆ, ఉన్నా.

ఇంకోటి చెప్తా. ఇది మీ మరిదికి కూడా చెప్పలేదు. నిన్న సాయంత్రం రికార్డు గదికి వెళ్ళా. నేను టైపు చేసి పంపేశాక ఆ కాగితాలేమవుతాయో ఇన్నేళ్ళలో ఒక్కసారీ చూడలేదు. నా పని పంపడం వరకే. బీరువా తీయించి, దుమ్ములో కూర్చుని, నా చుక్కలున్నవన్నీ వెతికా. పదకొండు. పదకొండు మంది ఆడవాళ్ళు. ఆయా, వంటామె, ఇద్దరు నర్సులు, మెట్లు కడిగే ముసలామె… చివరి పేజీలో అన్నిటికీ ఒకటే ముక్క. "ఆరోపణ అస్పష్టంగా ఉన్నందున మూసివేయడమైనది."

… అర్థం కాలేదా? అస్పష్టం అక్కా! ఏమన్నాడో సరిగ్గా తెలియడం లేదని! ఎందుకు తెలుస్తుంది? నేను శుభ్రంగా తుడిచేశాగా! వాళ్ళు సిగ్గు చంపుకుని నాకు చెప్పారు. నేను నా సిగ్గు దాచుకున్నా. ఆ ముసలామె నాకు బాగా గుర్తుంది. వెళ్ళేటప్పుడు "అంతా రాశావుగా తల్లీ" అంది. రాశానన్నా. ఆవిడ కంప్లయింటు మూసేశాక నాలుగు నెలలు నా గది మెట్లే కడిగింది. నాకు నమస్కారం పెట్టేది.

… నన్ను చూసి నాకే అసహ్యం వేస్తోంది. నువ్వేం ఓదార్చకు.

… ఊఁ.

… ఆ పిల్ల సంగతా? చెప్తా విను, వాడు నీకిది చెప్పుండడు. ఆస్పత్రి దుప్పట్లు పొడుగు, ఒక్కరు మడవలేరు. ఇద్దరు చెరో కొసా పట్టుకోవాలి. జ్వరమొచ్చి రెండ్రోజులు రాలేదట ఆ పిల్ల. మూడోరోజు వచ్చి దుప్పటి ఒక కొస పట్టుకుంది. రెండో కొస ఎవరు పట్టుకున్నారో తెలుసా? వాళ్ళమ్మ. తల్లీకూతుళ్ళు ఒకే బల్ల దగ్గర పని. వీడు వచ్చాడు. మధ్యలో నిలబడి అన్నాడు. ఆ తల్లి ముందే అన్నాడు, ఆ తల్లినే అన్నాడు.

… ఆవిడా? ఏమీ అనలేదు. తలెత్తలేదట. దుప్పటి పట్టుకుని దగ్గరికొచ్చి, కొసకి కొస కలిపి, కూతురి చేతిలో పెట్టి, ఇంకో దుప్పటి తీసిందట. ఆ రోజు సాయంత్రం దాకా మడుస్తూనే ఉన్నారట ఇద్దరూ. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా. విచారణలో ఆవిణ్ణి అడిగితే "మిషన్ల మోతలో వినపడలేదు సార్" అంది. వినపడకేం. ఉద్యోగం పోతే ఇద్దరూ రోడ్డున పడతారు, ఆ భయం.

… ఎవరో నేర్పించి చెప్పించారా? ఆ పిల్ల నా ముందు కూర్చుని ఆ మాట చెప్పేటప్పుడు మొహం చూస్తే నువ్వీ మాట అనవు. చెప్పి, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని "క్షమించండమ్మా" అంది. నాకు క్షమాపణ చెప్పింది! అన్నవాడు కాలు ఊపుతున్నాడు, విన్నది క్షమాపణ చెప్తోంది.

… వాడికి అలాంటి బుద్ధులు లేవంటావు. ఎక్కడ నేర్చుకుంటాడు, మన ఇంట్లో ఎవరన్నారు, అంటావు.

అక్కా. నిజంగా అడుగుతున్నావా?

వాడికి రెండేళ్ళప్పుడు, గుర్తు తెచ్చుకో. నాన్న పోయి ఏడాది కాలేదు. అమ్మ పాలగ్లాసు పట్టుకొస్తోంది. వాడు నడవాలో నిలబడి, వేలు చూపించి, "ఒచే ముండా" అన్నాడు. అచ్చం నాన్న గొంతే. … ఆ, గుర్తుందిగా. ఏం చేశాం మనం? ఇల్లెగిరిపోయేలా నవ్వాం. నువ్వు "ఏదీ, మళ్ళీ అను, అమ్మమ్మని మళ్ళీ అను" అన్నావు. బావగారిని పిలిచి మళ్ళీ అనిపించావు. వచ్చినవాళ్ళందరి ముందూ అనిపించాం. అన్నప్పుడల్లా బిస్కెట్.

… నువ్వు కాదు. బిస్కెట్ ఇచ్చింది నేను. డబ్బా నా చేతిలోనే ఉండేది.

అమ్మ కూడా నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. పోనీ, నవ్విందనే అనుకున్నాం. నాన్న పోయి ఏడాది కాలేదక్కా. అప్పటికి నిజంగానే ఆ మాట ఆవిడదే. మనం మనవడి చేత అనిపించి, బిస్కెట్ పెట్టి, చప్పట్లు కొట్టాం. నిన్న నిఘంటువులో అర్థం చూశాక, ఆ చెయ్యి వెనకాల నోరు ఎలా ఉండి ఉంటుందో అని… రాత్రి అన్నం సహించలేదు.

… ఏడవకు. నేనేం నిన్ను తప్పు పట్టట్లేదు. ఇద్దరిదీ.

… ఏం పేజీ?

… ఏంటీ?

… చింపెయ్యమని వాడు చెప్పమన్నాడా, నువ్వే అంటున్నావా?

… ఊఁ. నువ్వే అంటున్నావు.

సరే, విను. నువ్వు చెప్పకముందే చింపబోయా. పొద్దున. వాడు మన చేతుల్లో పెరిగినవాడు, ఇంట్లో పసిపిల్ల ఉంది, ఇవన్నీ నాకు తెలియవా? "నోటుబుక్కు తడిసిపోయింది సార్" అంటే ఎవరు కాదంటారు? ఇరవై రెండేళ్ళ సర్వీసు, నన్నెవరనుమానిస్తారు? సగం చింపాను కూడా. ఇదుగో, పైన చిరుగు ఇంకా ఉంది. అప్పుడు తలుపు తోసింది ఆ పిల్ల. లోపలికి రాలేదు, తల మాత్రం పెట్టి, "అమ్మా, మీరు రాసుకున్నారు కదా, ఉంది కదా" అంది. … ఉందమ్మా అన్నా. నోట్లోంచి వచ్చేసింది. ఇంకేం చింపుతా?

… సొంతరక్తమే. కాదన్నదెవరు?

… వాడికి ఇంకో ఉద్యోగం నేనే వెతికిపెడతా. కాళ్ళు పట్టుకునైనా వెతుకుతా. కాని ఈ పేజీ ఉంటుంది.

… "అంత ఘోరంగా ఏమన్నాడని" అంటున్నావు. మూడోసారి అంటున్నావు ఆ మాట. తెలుసుకుంటావా? నిజంగా?

నిజం చెప్పనా, నాకిప్పటిదాకా నోరు పెగల్లేదు. పొద్దున బాత్రూములోకెళ్ళి, కుళాయి గట్టిగా తిప్పి, అద్దం ముందు నిలబడి ప్రయత్నించా. మొదటి అక్షరం దగ్గరే కుళాయి కట్టేసి బయటికొచ్చేశా. అక్కడ అందరి ముందూ తడబడితే వాడి తరఫువాళ్ళు నవ్వుతారు. నీ ముందు ఒకసారి చదువుతా. నువ్వు వాడి అమ్మవి. వినాల్సినదానివి నువ్వే.

స్పీకర్ తీసెయ్. పాపని ముందుగదిలోకి పంపు. … పంపావా? … ఫోను చెవికి పెట్టుకున్నావా?

… ఉండు, కళ్ళజోడు.

"ఏమే లంజముండా… రెండ్రోజులు… ఎవడి పక్కలో పడుకున్నావే. నిన్ననేదేముందిలే… నీ అమ్మ… ఎంతమంది కింద పడుకుని నిన్ను కన్నదో… దానికే తెలీదు. అడుగు… పక్కనే ఉందిగా."

…

… అక్కా?

… ఉన్నావా?

… ఛీ అన్నావా? నన్నా! నేను చదివానంతే. అన్నది నీ కొడుకు. చూశావా, నువ్వూ అంతే, చెప్పినదాన్నే ఛీ అంటావు. రేపు ఆ పిల్లనీ ఇలాగే అంటారు, ఆడపిల్లయ్యుండి ఎలా చెప్పిందమ్మా అని.

… లేదు. తప్పు చదవలేదు. మళ్ళీ చదవనా?

… వద్దంటావుగా. నాకూ వద్దు. నాలుక మీద ఇంకా ఉంది, జిగురులా.

… "అడుగు, పక్కనే ఉందిగా" దగ్గరే కదా నువ్వు ఆగిపోయింది? నేనూ అక్కడే ఆగిపోయా. ఆ దుప్పటి కొస పట్టుకుని నిలబడింది నువ్వనుకో అక్కా. లేకపోతే అమ్మ అనుకో.

… ఊఁ.

… ఏడు. ఇప్పుడు ఏడిస్తే నేనేం అనను.

… ఎవరది? ఎవరో అరుస్తున్నారే. … పాపేనా? ముందుగదిలోకి పంపానన్నావుగా. … అన్నం పారబోసిందా? … లేదు, ఆగు. నువ్వు మాట్లాడకు. విననీ.

బొమ్మ తినట్లేదని తిడుతోంది.

… ఈసారి స్పష్టంగా వినపడింది. ఒచే అంటోంది. దాని తండ్రి ఎలా అనేవాడో అలాగే. … ఇందాక నువ్వు నవ్వింది దీనికేనా?

… అక్కా, అరవకు. దాని మీద అరవకు… అయ్యో, కొట్టావా! కొట్టకు దాన్ని! … ఏమన్నావు? ఇప్పుడు నువ్వేమన్నావు దాన్ని? "నోర్ముయ్యవే" అని తర్వాత?

… అదే మాట.

అదే మాటతో మాన్పిస్తున్నావా దానికి?

… తెలుసు. నోరు జారింది. తెలుసులే. నాలుగు తరాల నుంచి జారుతూనే ఉంది మన నోరు.

… నేనెవరిని నిన్ననడానికి? డబ్బా నా చేతిలోనే ఉండేదిగా.

… ఆ సార్, ఇక్కడే ఉన్నా! వస్తున్నా సార్, ఒక్క నిమిషం. … ఆ, నోటుబుక్కు నా దగ్గరే ఉంది.

పిలుస్తున్నారు. మూడు కాలేదు ఇంకా, ముందే మొదలెడుతున్నారు. … అవును. చదువుతా. మొత్తం. … లేదు, ఇక తడబడను. కష్టమైనచోట ఒకసారి చదివేశాగా.

… వాడికా? ఏం చెప్పకు. వాడు అక్కడే ఉంటాడు, నా నోట్లోంచే వింటాడు.

పాప ఏడుస్తోంది ఇంకా. … దగ్గరికి తీసుకో. … అక్కా, ఒక్కమాట విను, పెట్టేస్తున్నా. మళ్ళీ ఆ మాటంటే కొట్టకు. నవ్వకు. ఏడుస్తోంది కదా అని…

… ఆ. బిస్కెట్ ఇవ్వకు.

ఉంటా.